కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో కంప్యూటరుకు ఎవరు చెబుతారు?

స్పేర్ పార్టుల గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో క్లచ్ ప్లేట్ల గురించి రాస్తూ, ఇప్పుడు డీలర్ల దగ్గర ఆర్డర్లు కంపెనీ ప్రోగ్రామే పెడుతోందని ఒక మాట అన్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ మాట మీదే. కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ ట్రాక్టర్ డీలర్ల దగ్గర పార్టుల మేనేజరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా ఉదాహరణలన్నీ ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్లవే. కార్ల షోరూముల వారు కూడా రాశారు. వారికీ లెక్క ఇదే.

ప్రశ్న: ట్రాక్టర్ డీలరు దగ్గర స్పేర్ పార్టుల ఇన్‌ఛార్జిని. కంపెనీ వారు ఆటోమేటిక్ ఆర్డర్ ప్రోగ్రాము పెట్టారు. రాత్రికి మా అమ్మకాల లెక్కలు వెళ్తాయి, తెల్లవారేసరికి ఆర్డరు తయారై ఉంటుంది. "ఇక నువ్వు సరుకు దింపుకుని ర్యాకుల్లో సర్దితే చాలు" అంటున్నారు మా ఓనరు గారు. నేను వేరే పని చూసుకోవాలా? (ఒక యువ పాఠకుడు, అమలాపురం)

జవాబు: వద్దు బాబూ. కానీ మీ ఓనరు గారితో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. దానికి ముందు ఆ ప్రోగ్రాము చేసే మేలు ఏమిటో ఒప్పుకుందాం.

అది గడచిన పన్నెండు నెలల అమ్మకాలను పార్టు నంబరు వారీగా చూస్తుంది. ఏడాదిలో మూడుసార్లు అడిగిన పార్టును నిల్వలోకి తీసుకోవడం, నెలల తరబడి కదలని దానికి కనీస నిల్వను సున్నా చేయడం చాలా ప్రోగ్రాముల పద్ధతి. రోజుకు ఎన్ని పోతున్నాయి, డిపో నుంచి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది అని చూసుకుని, నిల్వ ఒక హద్దు కిందికి దిగగానే ఆర్డరు పెట్టేస్తుంది. డీజిల్ ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టులు, ఇంజన్ ఆయిల్ విషయంలో ఈ పని మనకంటే అదే బాగా చేస్తుంది. దానికి జ్వరం రాదు, వేల రకాల పార్టుల్లో ఒక్కదాన్నీ మరచిపోదు. ఈ సంగతి ఒప్పుకోకుండా వాదనకు దిగితే మీ తక్కిన మాటలు కూడా ఓనరు గారు వినరు.

ఇక దానికి కనిపించనిది చూడండి. బిల్లయిన అమ్మకం ఒక్కటే దానికి తెలుసు. ముమ్మిడివరం నుంచి ఒక రైతు పొద్దున్నే వచ్చి క్లచ్ రిలీజ్ బేరింగు అడిగాడు. మీ దగ్గర లేదు. ఆయన రోడ్డు అవతల దుకాణంలో బయట సరుకు కొనుక్కుని వెళ్లిపోయాడు. ప్రోగ్రాము లెక్కలో ఆ రోజు ఆ బేరింగును ఎవరూ అడగలేదు. కాబట్టి తెప్పించదు. వారం తర్వాత ఇంకొకరు వస్తారు, ఆయనా ఉత్త చేతులతోనే తిరిగి వెళ్తాడు. ఏడాది చివర ఆ నంబరుకు గిరాకీయే లేదని కంప్యూటరు రిపోర్టు ఇస్తుంది. ఇది ఆపడానికే దాదాపు ప్రతి ప్రోగ్రాములోనూ "లాస్ట్ సేల్", అంటే చేజారిన అమ్మకం, అనే నమోదు పెట్టారు. అడిగారు, లేదు, వెళ్లిపోయారు అని మూడు ముక్కలు నమోదు చేస్తే అదీ గిరాకీ కిందకే వస్తుంది. నేను చూసిన కౌంటర్లలో ఎక్కువ చోట్ల ఆ గడి ఖాళీగానే ఉండేది. అమ్మని సరుకుకు ఎంట్రీ ఎందుకని కుర్రాళ్లు వదిలేస్తారు. మీరు వదలకండి. మీ ఉద్యోగానికి ఇంతకు మించిన ఆధారం మరొకటి లేదు.

రెండోది కాలం. డెల్టాలో ట్రాక్టరు పన్నెండు నెలలూ ఒకే తీరుగా తిరగదు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలాక సార్వా (ఖరీఫ్) దమ్ములు, అంటే నాట్లకు ముందు పొలాన్ని నీటితో బురదగా దున్నడం, మొదలవుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో దాళ్వా (రబీ) దమ్ములు. ఆ రోజుల్లో ఆయిల్ సీళ్లు, హబ్ బేరింగులు, క్లచ్ సామాను పరుగెత్తుతాయి. కోతలు అయ్యాక ధాన్యం తోలకాలప్పుడు ట్రాలీ సామాను, బ్రేకు లైనింగులు అడుగుతారు. ఏడాది సగటు తీస్తే ఈ ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. సీజన్ సవరణ ఉన్న ప్రోగ్రాములూ ఉన్నాయి గానీ, అవి చూసేది గడచిన ఏళ్ల నెలలనే. ఈ ఏడు నీళ్లు ఎప్పుడు వదులుతారో నీటి పారుదల సలహా మండలి సమావేశంలో తేలుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ వార్త చదివి, సీళ్ల కనీస నిల్వను మూడు వారాల ముందే పెంచాల్సింది మీరు. దాళ్వా సంగతి మరీ సున్నితం. ఆ పంటకు గోదావరిలో వచ్చే సహజ ప్రవాహంతో పాటు సీలేరు నుంచి వదిలే నీరు పెద్ద దిక్కు. నీటి ఎద్దడి ఏర్పడి వంతుల వారీగా ఇస్తామన్న ఏడు దమ్ములు ఒక్కసారి పడవు, కొన్ని చోట్ల అసలు పడవు. అలాంటి ఏడు కిందటేటి లెక్క ప్రకారం ప్రోగ్రాము తెప్పించిన సామాను మీ ర్యాకులోనే ఉండిపోతుంది.

2011 గుర్తు చేసుకోండి. గిట్టుబాటు ధర లేదనీ, మురుగు కాలువలు బాగుచేయలేదనీ కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. దమ్ము లేకపోతే సీలు అరగదు, క్లచ్ అరగదు. అలాంటి ఏడాది అమ్మకాలను చూసిన ఏ ప్రోగ్రామైనా తర్వాతి ఏడు నిల్వలు కోసేస్తుంది. రైతు పొలంలోకి తిరిగి దిగే నాటికి స్టోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఏడు జరిగింది మామూలు సంగతి కాదని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పడానికి అక్కడ ఒక మనిషి కూర్చుని ఉండాలి.

కాబట్టి ఓనరు గారిని అడగవలసింది ఒక్కటే: ప్రోగ్రాము ఇచ్చిన ఆర్డరును డిపోకు పంపే ముందు చూసి, మార్చే హక్కు. మార్చిన ప్రతి వరుస పక్కనా కారణం రాస్తానని మాట ఇవ్వండి. రెండు సీజన్ల తర్వాత మీ మార్పుల్లో ఎన్ని నిలబడ్డాయో ఆయనే చూసుకుంటారు. అయితే కనిపించినదల్లా మార్చకండి. ఫిల్టర్ల జోలికి పోవద్దు. కాలం, నీళ్లు, పాత మోడళ్లు, లాస్ట్ సేల్, వీటి దగ్గరే చేయి పెట్టండి.

ప్రశ్న: మాకు ఆరెకరాల పొలం, ఒక పాత ట్రాక్టరు ఉన్నాయి. ఏటా దమ్ముల్లోనే ముందు చక్రం ఆయిల్ సీలు పోతుంది. షోరూముకు వెళ్తే "స్టాకు లేదు, నాలుగు రోజులు ఆగండి" అంటారు. అంత పెద్ద కంప్యూటర్లు పెట్టుకుని వంద రెండు వందల రూపాయల సీలు ఎందుకు ఉంచరు? (రైతు, రాజోలు మండలం)

జవాబు: అన్నగారూ, మీ కోపం న్యాయమైనది. దమ్ములో నాలుగు రోజులంటే నారు ముదిరిపోతుంది, కూలీల మాట తప్పుతుంది, నీళ్ల వంతు దాటిపోతుంది. షోరూము వారికి అది రెండు వందల రూపాయల బేరం. మీకు ఒక పంట ఆలస్యం.

ఆ సీలు ఎందుకు పోతుందో కౌంటరులో కూర్చునే కుర్రాళ్లు కూడా తెలుసుకోవాలని కొంచెం వివరంగా రాస్తున్నాను. సీలుకు లోపలి వైపు సన్నని రబ్బరు పెదవి ఉంటుంది. చిన్న స్ప్రింగు దాన్ని ఇరుసు చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. దమ్ములో చక్రం బురదలో మునిగి తిరుగుతుంది. సాయంత్రం కడగకుండా వదిలేస్తే ఆ బురద పెదవి దగ్గరే ఎండుతుంది. మర్నాడు చక్రం తిరగగానే ఆ ఇసుక రేణువులు రబ్బరును, ఇరుసు నునుపును కలిపి కోస్తాయి. అక్కడి నుంచి నీళ్లు హబ్‌లోకి దిగి, గ్రీజు కొట్టుకుపోయి, బేరింగు తుప్పు పడుతుంది. వెనక ఇరుసు సీలు పోతే ఇంకా చేటు. నీళ్లు గేరు ఆయిల్‌లో కలిసి, గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది వైపు పొలాలున్న వారికి ఉప్పుగాలి తోడై తుప్పు మరింత త్వరగా పడుతుంది. సీలు మార్చేటప్పుడు ఇరుసు మీద గాడి పడిందేమో గోటితో రాసి చూడమని మెకానిక్కుకు చెప్పండి. గాడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. ఏటా పోతోందన్నారు కాబట్టి నాకు ఆ అనుమానమే ఉంది.

ఇక షోరూములో ఎందుకు ఉండదంటే, మీ ట్రాక్టరు పాతది. పాత మోడళ్ల పార్టు నంబర్లను కంపెనీలు మారుస్తూ ఉంటాయి. పాత నంబరు ఆపేసి దాని బదులు కొత్త నంబరు ఇస్తారు. రెండింటినీ ముడిపెట్టకపోతే పాత నంబరు అమ్మకాల చరిత్ర కొత్త నంబరుకు రాదు. ప్రోగ్రాముకు అది నిన్న పుట్టిన పార్టు, అమ్మకం సున్నా. పైగా మీలాంటి వారు చాలామంది విసుగెత్తి బయట కొనుక్కుంటున్నారు. మీ ఊళ్లో ఆ మోడలు ట్రాక్టర్లు ఎన్ని ఉన్నాయో కంప్యూటరులో ఎక్కడా లేదు.

మీరు చేయగలిగింది ఉంది. లేదన్నప్పుడు ఊరికే తిరిగి రాకండి. "నేను అడిగినట్టు నమోదు చేయండి" అని మోడలు పేరు, ఛాసిస్ నంబరు ఇచ్చి రండి. మే నెలలోనే మీ చుట్టుపక్కల అదే మోడలు ఉన్న వారంతా కలిసి వెళ్లి ఎవరికెన్ని సీళ్లు కావాలో చెప్పండి. అలా చెబితే తెప్పించని పార్టుల మేనేజరును నేను చూడలేదు.

ప్రశ్న: డీజిల్ జనరేటర్లు, ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) సామాను అమ్మే డీలరు దగ్గర కౌంటరులో పనిచేస్తున్నాను. కంప్యూటరులో నాలుగు అని ఉంటుంది, ర్యాకులో చూస్తే ఒకటి ఉంటుంది. తిట్లు నాకే పడుతున్నాయి. (పాఠకురాలు, భీమవరం)

జవాబు: అమ్మా, ఇది మీ ఒక్కరి తప్పు కాదు. సామాను మూడు దారుల్లో లెక్క తప్పుతుంది. మెకానిక్కు అవసరానికి తీసుకుని జాబ్ కార్డు మీద రాయడు. కిట్టు విప్పి అందులోని ఒక్క వాషరు అమ్ముతారు, మిగిలింది కిట్టుగానే లెక్కలో ఉంటుంది. సరుకు వచ్చినప్పుడు పెట్టె విప్పకుండానే ఇన్‌వాయిస్ చూసి ఎంట్రీ వేస్తారు.

ఈ తేడా తిట్లతో పోయేది కాదు. కనీస నిల్వ రెండు అనుకోండి. ర్యాకులో ఉన్న ఆ ఒక్కటీ అమ్మాక కూడా కంప్యూటరులో మూడు ఉంటాయి. మూడు ఉన్నాయి కాబట్టి ప్రోగ్రాము ఆర్డరు పెట్టదు. ర్యాకులో లేవు కాబట్టి మీరు అమ్మలేరు. అమ్మకం లేక నెలలు గడిచాక అదే ప్రోగ్రాము దాన్ని కదలని సరుకుల జాబితాలో చేర్చి, కనీస నిల్వను సున్నా చేస్తుంది. మంచి గిరాకీ ఉన్న పార్టు అలా చచ్చిపోతుంది. ఏడాదికోసారి మార్చి నెలాఖరులో స్టోరు మూసి లెక్కపెట్టే పద్ధతి దీనికి చాలదు. రోజూ కౌంటరు తెరవక ముందు ఒక ర్యాకులో కొన్ని గడులు లెక్కపెట్టండి. ఎక్కువగా అమ్ముడయ్యే వాటిని తరచుగా, నెమ్మదిగా పోయే వాటిని అప్పుడప్పుడు. తేడా వస్తే అంకె సరిచేసి ఊరుకోకుండా కారణం కనుక్కోండి. అలాగే "కంప్యూటరులో ఉండి, కొన్ని నెలలుగా అమ్మకం లేనివి" అని జాబితా తీసుకుని, ముందు ఆ గడులకే వెళ్లి చూడండి. ఎక్కువ తప్పులు అక్కడే దొరుకుతాయి.

మీది భీమవరం కనుక మరో మాట. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే గంటల్లో పంట పోతుంది. జనరేటరుకు సంబంధించి రెండేళ్లకోసారి కూడా అమ్ముడుపోని పార్టు ఒకటి ఉండవచ్చు. అమ్మకాల సంఖ్య చూసే ప్రోగ్రాము దాన్ని ఉంచనివ్వదు. స్టోర్ల నిర్వహణలో వస్తువులను ప్రాణాధారం, అవసరం, ఉంటే మంచిది అని మూడు తరగతులు చేసే పద్ధతి ఒకటుంది. ఆసుపత్రి మందుల స్టోర్లలోనూ అదే వాడతారు. మీ చెరువుల రైతులతో మాట్లాడి ప్రాణాధారమైన పార్టుల జాబితా మీరే రాసి, వాటికి కనీస నిల్వ ఒకటి అని తాళం వేయించండి. ఇంత దగ్గరగా చెరువుల సంగతి తెలిసిన మీరు రాయకపోతే ఆ జాబితా ఇంకెవరూ రాయరు.

ప్రశ్న: మాది డీలర్‌షిప్. ప్రోగ్రాము వచ్చాక నిల్వ విలువ తగ్గుతుందన్నారు, పెరిగింది. ఏడాదికి పైగా కదలని సరుకు చాలా ఉంది. కంపెనీ వెనక్కి తీసుకుంటుందా? (తణుకు)

జవాబు: ముందు ఆ కదలని సరుకును ఎవరు తెప్పించారో విడదీయండి. మీరు నిందిస్తున్న ప్రోగ్రాము తెప్పించింది అందులో కొంతే ఉండవచ్చు. ఒక్క బండి కోసం ప్రత్యేకంగా ఆర్డరు పెట్టి, కస్టమరు మళ్లీ రాక ఉండిపోయిన సామాను చాలా డీలర్ల దగ్గర పేరుకుపోతుంది. దానికి మందు ఒకటే: అడ్వాన్సు లేకుండా ప్రత్యేక ఆర్డరు పెట్టకూడదు, సరుకు వచ్చిన రోజే ఫోను చేయాలి. మొహమాటం పడితే ఆ డబ్బు మీ ర్యాకులో తుప్పు పడుతుంది.

ప్రోగ్రాము తెప్పించిన దాని సంగతి మీ ఒప్పందంలో చూడండి. అమెరికాలో జనరల్ మోటార్స్ తన డీలర్లకు "రిటైల్ ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్" పేరుతో ఇలాంటి కార్యక్రమమే నడుపుతోంది. డీలరు లెక్కలు కంపెనీకి వెళ్తాయి, ఏమి ఉంచాలో కంపెనీ సూచిస్తుంది. అలా తాను సూచించిన పార్టు అమ్ముడు పోకపోతే వెనక్కి తీసుకునే రక్షణ కూడా ఆ కార్యక్రమంలో భాగమే. నాకు అది న్యాయంగా తోస్తుంది. ఏమి కొనాలో చెప్పినవారు అది ఉండిపోయినప్పటి భారంలోనూ పాలు పంచుకోవాలి. మీ ఒప్పందంలో ఆ మాట లేకపోతే, డీలర్ల సమావేశంలో నలుగురూ కలిసి అడగండి. వెనక్కి ఇచ్చే అవకాశానికి గడువు ఉంటే ఆ తేదీలు మీ పార్టుల మేనేజరు గోడ మీద రాసి ఉంచాలి. గడువు తెలియక పోగొట్టుకునే డబ్బు తక్కువేమీ కాదు.

ప్రశ్న: డిప్లొమా చదువుతున్నాను. కనీస నిల్వ, గరిష్ఠ నిల్వ, ఒకసారి ఎంత ఆర్డరు పెట్టాలి అనే లెక్క పుస్తకంలో అర్థం కాలేదు. (విద్యార్థి, కాకినాడ)

జవాబు: కాగితం తీసుకో. ఒక ఫిల్టరు రోజుకు రెండు పోతుంది, ఆర్డరు పెట్టిన ఐదు రోజులకు వస్తుంది. ఆ ఐదు రోజులకు పది కావాలి. లారీ ఆలస్యమైతేనో, గిరాకీ ఒక్కసారి పెరిగితేనో ఇబ్బంది లేకుండా మూడు రోజుల సరుకు, అంటే మరో ఆరు. మొత్తం పదహారు. నిల్వ 16కు దిగిన రోజు ఆర్డరు పెట్టాలి.

ఎంత పెట్టాలన్నదానికి 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు ఒక సూత్రం రాశాడు. ఏడాది గిరాకీని రెండుతో, ఒక ఆర్డరుకయ్యే ఖర్చుతో గుణించి, ఒక వస్తువును ఏడాది నిల్వ ఉంచడానికయ్యే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. ఏడాదికి 720 ఫిల్టర్లు, ఆర్డరు ఖర్చు 50 రూపాయలు, నిల్వ ఖర్చు 20 రూపాయలు అనుకుంటే 3,600కు వర్గమూలం, అంటే ఒకసారికి 60. గరిష్ఠ నిల్వ, అంటే చేతిలో ఉన్న 16, ఆర్డరులో ఉన్న 60 కలిపి, 76 అవుతుంది. నేటి ప్రోగ్రాముల లోపల ఉన్నది ఈ లెక్కకు పిల్లలూ మనవలే. పరీక్షకు ఇది చాలు. ఉద్యోగానికి మాత్రం ఇంకొకటి కావాలి: "రోజుకు రెండు" అన్న ఆ మొదటి అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే అలవాటు. సూత్రం తప్పదు, అందులో వేసిన అంకె తప్పుతుంది.

ప్రశ్న: మా స్టోరు ఏటిగట్టుకు దగ్గర. 2022 జూలై వరదల తర్వాత భయం పట్టుకుంది. ప్రోగ్రాము ఏమైనా సాయపడుతుందా? (రావులపాలెం)

జవాబు: ఒక విషయంలో పడుతుంది. ప్రతి పార్టుకు గడి నంబరు ఉంటుంది కదా, నేల మీద నుంచి రెండు వరుసల్లో ఉన్నవాటి జాబితాను దానితోనే తీయించండి. కాగితం ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు, కరెంటు సామాను అందులో ఉంటే ఇప్పుడే పై వరుసలకు మార్చి, గడి నంబర్లు సరిచేయండి. కిందికి ఇనుప సామాను, సీలు వేసిన ఆయిల్ డబ్బాలు దించండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు నిల్వ జాబితా ప్రింటు తీసి, ఒక ప్రతి స్టోరు బయట ఉంచండి. బీమా వారు ముందు అడిగేది అదే. ఆ వారం ఆటోమేటిక్ ఆర్డరు ఆపించడం మరచిపోకండి. రోడ్డు మీద నీళ్లుంటే లారీ ఎక్కడో ఆగిపోతుంది, దారిలో తడిసిన సరుకుకు బాధ్యత ఎవరిదన్న తగువు మిగులుతుంది.